దీపం గనిలోకి దిగాక

బొగ్గు పొరలో మీథేన్ వాయువు ఇమిడి ఉంటుంది. పొరను తవ్వే కొద్దీ అది పగుళ్లలోంచి ఊరుతూ బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి కంటే తేలిక కాబట్టి కప్పు కిందికి చేరి అక్కడే నిలుస్తుంది. గాలిలో దాని పాలు 5 శాతం లోపు ఉంటే పేలదు, 15 శాతం దాటినా పేలదు. ఈ రెంటి మధ్య ఉన్నంతసేపూ ఒక్క నిప్పురవ్వ చాలు. తొమ్మిదిన్నర శాతం దగ్గర పేలుడు అన్నిటికంటే భీకరంగా ఉంటుంది. ఇంగ్లండు గని కార్మికులు ఈ వాయువును ఫైర్‌డ్యాంప్ అనేవారు. దాని మధ్యకు వాళ్లు తీసుకుపోయిన వెలుగు కొవ్వొత్తి. వెలుగు లేనిదే తవ్వలేరు. ఆ రోజుల్లో మంట లేనిదే వెలుగు లేదు. ఈ చిక్కును విప్పడానికి పుట్టిన రక్షణ దీపం ప్రపంచంలో తొలితరం పారిశ్రామిక రక్షణ పరికరాల్లో ఒకటి. అది ఎంతవరకు కాపాడింది, ఎక్కడ కాపాడలేకపోయింది అన్నది ఆ తర్వాత వచ్చిన పరికరాలన్నిటి చరిత్రకూ తొలి అధ్యాయం.

వాయువును వదిలించుకోవడానికి అంతకుముందున్న పద్ధతి దాన్ని కావాలని అంటించడమే. పని మొదలుకాక ముందు ఒక మనిషి తడిపిన గోనెలు కప్పుకుని, పొడవాటి కర్ర చివర కొవ్వొత్తి కట్టి, నేల మీద పాక్కుంటూ వెళ్లి కప్పు కింద పేరుకున్న వాయువును ముట్టించేవాడు. మంట తన మీదుగా దాటిపోయేదాకా బోర్లా పడి ఉండేవాడు. ప్రాణాలతో తిరిగొస్తే మిగిలినవాళ్లు పనిలోకి దిగేవారు. లోతు తక్కువ, వాయువు తక్కువ ఉన్న గనుల్లో ఇది కొన్నాళ్లు సాగింది.

18వ శతాబ్దం మధ్యలో వైట్‌హేవెన్ గనుల పెత్తందారు కార్లైల్ స్పెడింగ్ మరో దారి వెతికాడు. పళ్ల చక్రాలతో వేగంగా తిరిగే ఉక్కు బిళ్లకు చెకుముకి రాయి ఆనిస్తే నిప్పురవ్వలు జల్లుగా రాలతాయి. ఆ రవ్వల మసక వెలుగులోనే పని. చక్రం తిప్పడానికి ఒక కుర్రాడు పక్కన ఉండాలి. రవ్వల వేడి వాయువును అంటించేంత కాదని అందరూ నమ్మారు. ఆ నమ్మకం 1785లో వాల్‌సెండ్ గనిలో చెదిరింది. అక్కడ ఈ యంత్రం రవ్వల నుంచే పేలుడు పుట్టింది. స్పెడింగ్ ఆ రోజు దాకా బతికి లేడు. 1755లో తన గనిలో జరిగిన పేలుడులోనే చనిపోయాడు. పరికరం భద్రమన్న మాట పరీక్షలతో తేలింది కాదు, అప్పటిదాకా ప్రమాదం జరగకపోవడం వల్ల పుట్టింది. ఇలాంటి నమ్మకం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

1812 మే 25న టైన్ నది ఒడ్డున ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. గాలి తలుపులు తెరిచి మూయడానికి చిన్నపిల్లలనే చీకట్లో కూర్చోబెట్టేవారు. లోపల మంటలు ఆరాలని గని నోరు మూసేశారు. మళ్లీ తెరిచి శవాలు బయటికి తీయడం జూలైలో గాని మొదలుకాలేదు. గుర్తుపట్టలేని దేహాల కోసం తల్లులు, భార్యలు వారాల తరబడి గని నోటి దగ్గర కాచుకున్నారు. ఆ ఊరి మతగురువు జాన్ హాడ్జ్‌సన్ ఈ దుర్ఘటన వివరాలన్నీ రాసి అచ్చు వేయించాడు. గని ప్రమాదాల గురించి పత్రికలు ఎక్కువగా రాయడం యజమానులకు గిట్టని కాలం అది. ఆయన రాత వల్ల కదలిక వచ్చి 1813లో సండర్లాండులో ఒక సంఘం ఏర్పడింది. పేలుళ్లను ఆపే ఉపాయం కోసం అది శాస్త్రవేత్తలను ఆశ్రయించింది.

మొదట ముందుకొచ్చినవాడు సండర్లాండు వైద్యుడు విలియం రీడ్ క్లానీ. ఆయన దీపంలోకి గాలి నీటి గుండా పోవాలి, దానికి తిత్తి ఊదుతూ ఉండాలి. బరువు ఎక్కువ, ఊదడానికి మనిషి కావాలి. తవ్వే మనిషికి అది అక్కరకు రాలేదు. 1815 ఆగస్టులో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉత్తరాదికి వచ్చాడు. హాడ్జ్‌సన్‌తో, వాల్‌సెండ్ గని ఇంజనీరు జాన్ బడిల్‌తో మాట్లాడాడు. గని వాయువును సీసాల్లో నింపి తన ప్రయోగశాలకు తెప్పించుకున్నాడు. సన్నని గొట్టం గుండా మంట అవతలికి దాటలేదని గమనించాడు. లోహం వేడిని లాగేసుకుంటుంది కాబట్టి అవతలి వాయువు అంటుకునేంత వేడెక్కదు. సన్నని గొట్టాలు పక్కపక్కన పేర్చినా, చదరపు అంగుళానికి 784 కన్నాలున్న తీగ జాలి చుట్టినా జరిగేది ఒకటే. దీపం చుట్టూ ఆ జాలిని గొట్టంలా చుట్టాడు. గాలి లోపలికి పోతుంది, వాయువూ పోతుంది. లోపల అంటుకున్న మంట మాత్రం బయటికి రాదు. 1816 జనవరిలో హెబర్న్ గనిలో దీన్ని పరీక్షించారు. డేవీ పేటెంటు తీసుకోలేదు. ప్రాణాలు కాపాడే వస్తువు మీద సొమ్ము చేసుకోనన్న ఆయన ఉదారత నిజమైనదే.

అదే సమయంలో కిల్లింగ్‌వర్త్ గనిలో ఇంజన్లు చూసుకునే జార్జి స్టీఫెన్‌సన్ తనంత తానుగా మరో దీపం తయారు చేశాడు. బడి చదువు పెద్దగా లేని మనిషి, తర్వాత రైలింజన్లతో పేరు తెచ్చుకున్నవాడు. 1815 అక్టోబరు 21న వాయువు బుసకొడుతున్న చోటికి ఆ దీపం పట్టుకుని తానే వెళ్లి చూశాడు. ఎవరు ముందన్న తగవు ఏళ్ల తరబడి నడిచింది. న్యూకాసిల్ అభిమానులు చందాలు వేసి స్టీఫెన్‌సన్‌కు వెయ్యి పౌండ్లు ఇచ్చారు. ఆ తగవు గురించి పుస్తకాలు వచ్చినంతగా, ఆ దీపాలు చేతబట్టి దిగినవాళ్లకు ఏమైందన్నదాని గురించి రాలేదు.

వాళ్లకు ఏమైందో 1835లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ లెక్కతీసింది. దీపం రాకముందు 18 ఏళ్లలో డర్హామ్, నార్తంబర్లండ్ ప్రాంతాల పేలుళ్లలో చనిపోయినవాళ్లు 447 మంది. దీపం వచ్చాక 18 ఏళ్లలో 538 మంది. కమిటీ కూర్చున్న సంవత్సరమే వాల్‌సెండ్‌లో మరో పేలుడు వంద మందికి పైగా కార్మికులను, పిల్లలను పొట్టన పెట్టుకుంది. ఆ గనిని చూసుకునేది జాన్ బడిల్, అంటే డేవీ దీపానికి మొదటి నుంచీ గట్టిగా వత్తాసు పలికినవాడు.

ఈ అంకెలు దీపం పనిచేయలేదని చెప్పవు. అది లేకుంటే ఎందరు పోయేవాళ్లో చెప్పడానికి లెక్క లేదు. పైగా ఆ కాలంలో బొగ్గు తవ్వకం పెరిగింది, గనిలోకి దిగేవాళ్లు పెరిగారు. అయితే కమిటీ ఇంకో కారణం కూడా గుర్తించింది, అదే అసలు సంగతి. దీపం రాకముందు వాయువు మరీ ఎక్కువని వదిలేసిన పొరల్లోకి, మూసేసిన పాత గనుల్లోకి, ఇంకా లోతుల్లోకి దీపం చేతికి రాగానే మనుషులను దింపారు. కప్పును మోయడానికి వదిలిన బొగ్గు స్తంభాలను తిరిగి తవ్వుకునే పని, అంటే సింగరేణిలో డీపిల్లరింగ్ అంటారే అది, ముమ్మరమైంది. స్తంభం తీసేస్తే కప్పు కూలుతుంది. కూలిన చోట వాయువు గుమిగూడుతుంది. కొవ్వొత్తితో ఎవరూ అడుగుపెట్టని చోట అది. కార్మికుడిని కాపాడటానికి వచ్చిన పరికరం గని యజమానికి కొత్త బొగ్గు తెచ్చిపెట్టింది, కార్మికుడికి మునుపటి కంటే పెద్ద ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది. దీపం వల్ల కలిగిన భద్రతలో చాలా భాగాన్ని ఉత్పత్తి మింగేసింది.

దీపం లోపాలు కూడా మెల్లగా బయటపడ్డాయి. గాలి నిలకడగా ఉన్నప్పుడే జాలి మంటను ఆపుతుంది. జాలి లోపల వాయువు ఎడతెగకుండా మండితే తీగలు ఎర్రగా కాలతాయి. అప్పుడు అది జాలి కాదు, నిప్పు. గట్టిగా గాలి కొడితే మంట కన్నాల్లోంచి బయటికి దూకుతుంది. సెకనుకు ఆరేడు అడుగుల గాలి వేగం దాటితే కవచం లేని డేవీ దీపాన్ని నమ్మకూడదని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. ఒక తీగ తెగినా, జాలికి నూనె, బొగ్గు పొడి అంటుకున్నా, దీపం పక్కకు ఒరిగినా అంతే.

గాలి వేగం విషయం చాలా ముఖ్యమైనది. గనిలో వాయువును పలచబరచడానికి అసలైన మార్గం లోపలికి గాలి బాగా పంపడం. మొదట్లో గని అడుగున పెద్ద కొలిమి వెలిగించి, వేడెక్కిన గాలి పైకి లేచే ఊపుతో మరో బాయిలోంచి, అంటే గనిలోకి నిలువుగా దిగే మరో దారిలోంచి, చల్లగాలిని లోపలికి లాగేవారు. 1860ల నుంచి ఆవిరితో తిరిగే పెద్ద పెద్ద ఫ్యాన్లు వచ్చాయి. ఫ్యాన్ వచ్చాక గాలి వేగం పెరిగింది, వాయువు తగ్గింది. డేవీ దీపానికి మాత్రం ఆ వేగమే అపాయమైంది. అంటే ఒక రక్షణ ఏర్పాటు మెరుగైతే రెండోది ప్రమాదకరంగా మారింది. రెంటినీ కలిపి చూసే బాధ్యత ఎవరిదీ కానప్పుడు ఇలా జరుగుతుంది. విడివిడిగా చూస్తే రెండూ మంచివే.

1839 జూన్‌లో సౌత్ షీల్డ్స్‌లోని సెయింట్ హిల్డా గనిలో 50 మందికి పైగా చనిపోయారు. ఆ ఊరి పౌరులు కమిటీగా ఏర్పడి మూడు నాలుగేళ్లు శ్రమించి 1843లో నివేదిక ఇచ్చారు. ప్రభుత్వం వేసిన కమిటీ కాదు, గని యజమానులదీ కాదు. దీపం ఒక్కటే వాయువున్న గనులను కాపాడలేదనీ, దానిమీద భారం వేయడం ప్రాణాంతకమైన పొరపాటనీ, గాలి పంపకాన్ని బాగుచేయడం, ఎక్కువ బాయిలు తవ్వడం అసలు మందనీ ఆ నివేదిక తేల్చిచెప్పింది. బాయి తవ్వడానికి వేల పౌండ్ల ఖర్చు, దీపానికి కొద్ది షిల్లింగులు. రెంటిలో ఏది ఎంచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. రెండో బాయి తప్పనిసరి కావడానికి 1862 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సంవత్సరం జనవరిలో హార్ట్లీ గనిలో నీళ్లు తోడే ఇంజనుకున్న భారీ ఇనుప దూలం విరిగి ఉన్న ఒకే ఒక్క బాయిలో పడింది. దారి మూసుకుపోయి 204 మంది, దాదాపు అందరూ లోపలే ఊపిరాడక, చనిపోయారు. వాళ్లను కాపాడటానికి ఏ దీపమూ పనికిరాదు.

దీపం పట్టుకున్న మనిషి వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. డేవీ దీపం ఇచ్చే వెలుతురు కొవ్వొత్తి వెలుతురులో చిన్న పాలు మాత్రమే. చాలా గనుల్లో కూలి తవ్విన బొగ్గును బట్టి వచ్చేది. వెలుతురు తగ్గితే తవ్వకం తగ్గుతుంది, బొగ్గులో రాయి ఎక్కువ కలుస్తుంది; రాయి కలిస్తే బొగ్గు నింపిన టబ్బు లెక్కన వచ్చే కూలికి కోత పడుతుంది. దానికి తోడు కప్పులో పగులు కంటికి కనబడదు. ఏటా పేలుళ్ల కంటే కప్పు కూలడం వల్లే ఎక్కువమంది చనిపోయేవారు, ఒక్కొక్కరుగా, ఇద్దరేసిగా, పత్రికల్లో పేరు రాకుండా. పేలుడు నుంచి కాపాడే మసక దీపం కప్పు కూలడం నుంచి కాపాడుకునే చూపును తగ్గించింది. కొన్నిచోట్ల కార్మికులు దీపాన్ని వద్దన్నారంటే అది మొండితనం కాదు; తమను రోజూ చంపుతున్నదేమిటో వాళ్లకు తెలుసు.

మసక వెలుతురులో, ఒక పక్కకు పడుకుని, కళ్లు పైకెత్తి ఏళ్ల తరబడి తవ్వినవాళ్లకు కనుగుడ్లు అదేపనిగా అదిరే జబ్బు వచ్చేది. దీపాలు కదిలినట్టు, నేల తిరిగినట్టు అనిపించేది. ఎండలోకి వస్తే తల పట్టుకుని కూర్చునేవారు. దాన్ని నిస్టాగ్మస్ అంటారు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో బ్రిటన్ దాన్ని పరిహారం ఇవ్వాల్సిన వృత్తి రోగంగా ఒప్పుకుంది. రక్షణ దీపం ఇచ్చే తక్కువ వెలుతురే ముఖ్య కారణమని వైద్యులు చివరికి తేల్చారు.

వెలుతురు చాలకే కొందరు జాలి తీసి మంటను బయటపెట్టేవారు. దీపం ఆరిపోతే వెలిగించే చోటికి చాలా దూరం నడిచి వెళ్లి రావాలి, ఆ సమయానికి కూలి లేదు. అందుకే కొందరు తాళం తీసే ఉపాయాలు నేర్చుకున్నారు. యాజమాన్యాలు సీసపు సీలు వేశాయి, తర్వాత అయస్కాంతపు తాళాలు తెచ్చాయి. అగ్గిపెట్టె దొరికినా, చుట్ట దొరికినా కోర్టుకు ఈడ్చి జరిమానా వేయించేవారు, జైలుకూ పంపేవారు. పేలుడు తర్వాత విచారణలో మొదటి ప్రశ్న ఒక్కటే: ఎవరి దీపం తెరిచి ఉంది? చనిపోయినవాడి పక్కన తెరిచిన దీపం దొరికితే విచారణ అక్కడితో ముగిసేది. ఆ చోటికి అంత వాయువు ఎందుకు చేరింది, ఆ పొద్దున గాలి ఎంత వచ్చింది, కూలిన భాగాన్ని ఎందుకు మూయలేదు అన్న ప్రశ్నలు రెండో వరుసలోకి పోయేవి. గాలి పంపడం యజమాని బాధ్యత. దీపం జాగ్రత్త కార్మికుడి బాధ్యత. పరికరంతో పాటు నేరం కూడా చేతులు మారింది.

ఈ చిక్కుకు మనిషి స్వభావాన్ని గౌరవించిన ఒక జవాబు 1880లలో వోల్ఫ్ దీపం రూపంలో వచ్చింది. ఆరిపోతే తెరవకుండానే బయట ఉన్న మీట తిప్పి లోపలే వెలిగించుకునే ఏర్పాటు అందులో ఉంది. తెరవొద్దని శిక్షించడం కంటే తెరవాల్సిన అవసరాన్ని తీసేయడం మేలని దాన్ని చేసినవాళ్లు గ్రహించారు. అంతకు ముందే బెల్జియంలో మ్యూస్లర్, ఫ్రాన్స్‌లో మార్సో దీపాలు గాలి దెబ్బను తట్టుకునేలా రూపొందాయి. జాలి చుట్టూ ఇనుప కవచం వచ్చింది. బ్రిటన్‌లో 1879లో వేసిన రాయల్ కమిషన్ ఏళ్ల తరబడి దీపాలను గాలి గొట్టాల్లో పెట్టి పరీక్షించి, కవచం లేని డేవీ, క్లానీ, స్టీఫెన్‌సన్ దీపాలు భద్రం కావని 1886లో చెప్పింది. 1887 చట్టం వాటిని పక్కన పెట్టింది. సండర్లాండు సంఘం మొర నుంచి అక్కడికి చేరడానికి 70 ఏళ్లకు పైగా పట్టింది.

అప్పటికీ దీపం చూడని శత్రువు ఒకటి గని నిండా పరుచుకుని ఉంది. అది బొగ్గు పొడి. 1844 సెప్టెంబరులో హాస్వెల్ గనిలో 95 మంది చనిపోయినప్పుడు ప్రభుత్వం మైకేల్ ఫారడేను, భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్‌ను పంపింది. ఫారడే ఒకప్పుడు డేవీ దగ్గరే సహాయకుడు. గాలి వేగం ఎలా కొలుస్తారని ఫారడే అడిగితే, లోపల ఒకడు చిటికెడు తుపాకి మందు తీసి కొవ్వొత్తి మంట మీద చల్లి పొగ ఎంత వేగంగా పోతుందో చూపించాడని చెబుతారు. ఆ మందు ఎక్కడ దాస్తారని అడిగితే సంచీలో కట్టి పెడతామన్నాడట. ఆ సంచీ ఎక్కడుందని అడిగితే, ఫారడే కూర్చున్నది దానిమీదేనని తేలిందట. ఇద్దరు శాస్త్రవేత్తలూ కాలిన బొగ్గు పొడి గోడలకు అంటుకుని ఉండటం గమనించారు. వాయువు పేలుడు నేల మీది పొడిని పైకి లేపుతుందనీ, లేచిన పొడి కూడా మండి పేలుడును మోసుకుపోతుందనీ నివేదికలో రాశారు. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1870లలో విలియం గాలోవే వేల్స్‌లో అదే మాట చెప్పినా నమ్మకం కలగడానికి మరో తరం పట్టింది.

1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో 1,099 మంది చనిపోయారు. యూరప్‌లో అంత ఘోరం మరే గనిలోనూ జరగలేదు. అక్కడ వాయువు తక్కువని చాలాచోట్ల మామూలు దీపాలే వాడేవారు. వాయువు లేకున్నా పొడి చాలని ఆ శవాల గుట్ట రుజువు చేసింది. ఆ తర్వాతే బొగ్గు పొడి మీద సున్నపురాయి పొడి చల్లి మంటను అణచే పద్ధతికి పరీక్షలు సాగి, తప్పనిసరి నిబంధనలు వచ్చాయి. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో 439 మంది కార్మికులు, రక్షించడానికి దిగిన ఒకరు చనిపోయారు. అక్కడ రక్షణ దీపాలు ఉన్నాయి. విద్యుత్ గంటల రవ్వ వాయువును అంటించి ఉండొచ్చన్న అనుమానం విచారణలో బలంగా వచ్చింది. ఫ్యాన్ గాలిని వెనక్కి తిప్పే ఏర్పాటు చట్టం అడిగింది, అది సిద్ధంగా లేదు. మేనేజరుకు పడిన జరిమానా 24 పౌండ్లు.

విద్యుత్ దీపం పాత చిక్కును ఒక విధంగా విప్పింది. బ్యాటరీ నడుముకు, బల్బు టోపీకి. మంట లేదు, వెలుతురు చూసినవైపే పడుతుంది. కళ్ల జబ్బు క్రమంగా తగ్గింది. కానీ మంట ఉన్న దీపం రెండు పనులు చేసేది. మంట తగ్గించి కప్పు దగ్గరకు మెల్లగా ఎత్తితే, వాయువు ఉన్నచోట మంట చుట్టూ లేత నీలి టోపీ కనిపిస్తుంది. దాని ఎత్తును బట్టి వాయువు పాలు చెప్పగలరు. ప్రాణవాయువు 16, 17 శాతానికి పడిపోతే దీపం ఆరిపోతుంది. మనిషి తూలిపోక ముందే అది చెబుతుంది. విద్యుత్ బల్బు వాయువులోనూ, ఊపిరాడని చోటా ఒకేలా వెలుగుతుంది. వెలుగు మెరుగైంది, హెచ్చరిక పోయింది. అందుకే కార్మికులందరికీ టోపీ దీపాలు వచ్చిన తర్వాత కూడా పర్యవేక్షకుల చేతిలో మంట దీపం మిగిలింది.

తెలుగు నేలకు ఈ దీపం సింగరేణితో వచ్చింది. 1871లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కు దక్కింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గనిని బాయి అని పిలిచే కార్మికుల మాటల్లో ల్యాంప్ రూము, పనిని పర్యవేక్షించే సర్దార్, ఓవర్‌మెన్ భాగమైపోయాయి. షిఫ్టు మొదట్లో కార్మికుడు ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంప్ తీసుకుని నంబరు రాయించుకుంటాడు. దిగినవాళ్లెందరు, పైకి వచ్చినవాళ్లెందరు అన్న లెక్కకూ అదే ఆధారం. మైనింగ్ సర్దార్ ఒక చేత సేఫ్టీ ల్యాంప్, మరో చేత కర్ర పట్టుకుని ముందు దిగేవాడు. దీపం కప్పు దగ్గరకు ఎత్తి నీలి టోపీ కోసం చూసేవాడు. కర్రతో కప్పు మీద కొట్టి చప్పుడు వినేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైనది బోలుగా మోగుతుంది. ఆ పరీక్ష అయ్యాకే మిగతావాళ్లు పనిచోటికి పోయేవారు.

భారతదేశపు గనులు మొదట్లో లోతు తక్కువవి కాబట్టి తెరిచిన మంటల దీపాలే ఎక్కువ వాడేవారు. వాయువు లేదన్న ధీమా ఇక్కడా ఖరీదైనదే. 1936 డిసెంబరులో బెంగాల్‌లోని పోయ్‌డీ గనిలో పేలుడుకు 209 మంది, 1958 ఫిబ్రవరిలో చినాకురిలో 170 మందికి పైగా, 1965 మే 28న ఢోరీ గనిలో బొగ్గు పొడి పేలుడులో 268 మంది బలయ్యారు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు గనులను వాయువును బట్టి మూడు డిగ్రీలుగా విడదీశాయి; బయటికి పోయే గాలిలో మండే వాయువు 0.75 శాతం, గనిలో మరెక్కడైనా 1.25 శాతం దాటకూడదన్నాయి. అంటే పేలుడు హద్దుకు చాలా కిందే గీత గీశాయి. పరికరాన్ని నమ్మడానికి ముందు గాలిని శుభ్రంగా ఉంచాలన్న సౌత్ షీల్డ్స్ పౌరుల మాట ఇక్కడ చట్టంగా కనిపిస్తుంది.

సింగరేణి గనుల్లో చాలా వాటిలో వాయువు తక్కువ, మొదటి డిగ్రీ కిందికే వస్తాయి. అక్కడి కార్మికుడిని ఎక్కువగా భయపెట్టింది కప్పు, నీరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీరు పోటెత్తి 17 మంది చనిపోయారు. అదే ఏడు అక్టోబరులో గోదావరిఖనిలోనే 8ఏ గనిలో కప్పు కూలి పది మంది చనిపోయారు. సింగరేణి బయట, 1975 డిసెంబరులో చాస్నాలా గనిలో పైనున్న పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మందిని ముంచింది. ఈ ప్రమాదాల్లో కార్మికుడి ఒంటి మీదున్న ఏ పరికరమూ అక్కరకు రాదు. పాత పనుల పటం సరిగ్గా గీయడం, నీటికీ పనిచోటుకూ మధ్య చాలినంత బొగ్గు గోడ వదలడం, ముందే బోరు వేసి చూడటం, డీపిల్లరింగ్ వరస తప్పకుండా ఊతాలు నిలపడం మాత్రమే కాపాడతాయి. ఇవన్నీ పైన ఆఫీసులో తేలే పనులు.

మంట దీపం స్థానంలోకి ఇప్పుడు మీథేనోమీటర్లు వచ్చాయి. వాటిలో చాలా వాటి కీలకం ఒక చిన్న వేడి పూస. మీథేన్ దానిమీద కాలి వేడి పెరుగుతుంది, ఆ తేడాను అంకెగా చూపిస్తుంది. కాలడానికి ప్రాణవాయువు కావాలి కనుక, అది తక్కువైన మూసివేసిన చోట మీటరు తక్కువ చూపిస్తుంది. వాయువు మరీ ఎక్కువైనా అంకె కిందికి దిగవచ్చు. సిలికాన్ కలిసిన నూనెలు, గ్రీజుల ఆవిరి తగిలితే పూస మొద్దుబారుతుంది. తెర మాత్రం సున్నా చూపిస్తూనే ఉంటుంది. నడుముకు కట్టిన మీటరు నడుము ఎత్తులో గాలినే చూస్తుంది, వాయువు కప్పు కింద పొరలా ఉంటే దానికి తెలియదు. అందుకే క్రమం తప్పకుండా తెలిసిన వాయువుతో సరిచూడటం, కప్పు దాకా ఎత్తి పరీక్షించడం తప్పనిసరి.

విషవాయువులోంచి బయటపడేదాకా ఊపిరికి ఆధారంగా కార్మికుడి నడుముకుండే సెల్ఫ్ రెస్క్యూయర్ కథా ఇలాంటిదే. పాత ఫిల్టర్ రకం కార్బన్ మోనాక్సైడును మాత్రమే అంత ప్రమాదం లేని వాయువుగా మార్చగలదు. ప్రాణవాయువే లేనిచోట ఊపిరి ఇవ్వలేదు. విషవాయువు ఎక్కువైనకొద్దీ లోపలికి పీల్చే గాలి వేడెక్కుతుంది. అది పనిచేస్తున్న గుర్తు అది. శిక్షణ లేని మనిషి నోరు కాలుతోందని, పాడైందని దాన్ని తీసేస్తాడు; తీసిన కొద్ది ఊపిరుల్లోనే పడిపోతాడు. ప్రాణవాయువును తనలోనే తయారు చేసుకునే రకం ఈ హద్దును తొలగించింది గాని, అది పనిచేసేది కొంత సమయమే. ఆ సమయంలోగా తాజా గాలి ఉన్న చోటికి చేరే దారి గనిలో ముందే ఉండాలి.

2017లో వచ్చిన కొత్త బొగ్గు గనుల నిబంధనలు ప్రతి గని యజమాని రక్షణ నిర్వహణ ప్రణాళిక తయారు చేయాలన్నాయి. ఆ గనిలో ఏయే అపాయాలున్నాయో ముందే గుర్తించి, ఒక్కొక్కదాని తీవ్రత అంచనా వేసి, అదుపు చేసే ఏర్పాట్లు, వాటికి బాధ్యులు ఎవరో అందులో రాయాలి. సింగరేణిలో ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి వస్తోంది. అక్కడ డంపర్లు, రాళ్ల కట్టలు జారడం, పేలుడు మందు పనులు కొత్త అపాయాలు. డంపరు వెనక కెమెరా, దగ్గరకొస్తే మోగే అలారం వచ్చాయి. మనుషులు నడిచే దారినీ డంపర్ల రోడ్డునూ విడగొట్టడం, రోడ్డు అంచున టైరు ఎత్తుకు తగ్గ మట్టికట్ట వేయడం వాటికంటే ముందు చేయాల్సిన పనులుగా ప్రణాళికలో ఉండాలి.